కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో పొగ ఎక్కడెక్కడ ఉందో వెతకండి

ఇంట్లో ఎవరికైనా నెల తప్పిందని తెలిసిన వారంలోనే ఒక పని చేయమంటాను. ఒక రోజంతా పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఆ ఇంట్లో పొగ ఎక్కడెక్కడ పుడుతోందో, అది ఎవరి ముక్కులోకి వెళుతోందో చూడండి. ఒక కాగితం మీద రాసుకోండి. ఈ పని కడుపుతో ఉన్న పిల్లది కాదు. అత్తగారిదీ, మొగుడిదీ. నేను అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్‌ఎమ్‌గా, అంటే ఊళ్ళు తిరిగే ప్రభుత్వ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు గాజువాకలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇన్నేళ్ళలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటే. తల్లికీ బిడ్డకీ ఎక్కువ హాని చేసే పొగ తరచుగా ఇంట్లోదే, దాన్ని ఆపగలిగేది కూడా ఇంట్లోవాళ్ళే.

ముందు పొగ ఏం చేస్తుందో తెలుసుకోవాలి. తెలియకపోతే "మా అమ్మలు పొయ్యి ఊదుకుంటూనే కన్నారు కదా" అన్న మాట దగ్గరే ఆగిపోతాం. పొగలోనూ దుమ్ములోనూ కంటికి కనిపించని సన్నటి నుసి ఉంటుంది. పీఎం 2.5 అని పేపర్లో రాసేది దాని గురించే. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ముక్కు వెంట్రుకలు దాన్ని ఆపలేవు. ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది, అందులో మరీ సన్నటిది రక్తంలోకి పోతుంది. 2019లో బెల్జియంలోని హాసెల్ట్ యూనివర్సిటీ వాళ్ళు కాన్పు తర్వాత మాయలను (కడుపులో బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే భాగాన్ని) పరీక్షిస్తే, బిడ్డ వైపు ఉండే పొరలోనే మసి కణాలు కనిపించాయి. 2022లో వాళ్ళూ స్కాట్లాండ్‌లోని అబర్దీన్ యూనివర్సిటీ వాళ్ళూ కలిసి చూస్తే, ఇంకా పుట్టని శిశువుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో కూడా ఆ మసి ఉంది. అదీ మొదటి మూడు నెలల్లోనే.

దీనివల్ల మాయకు రక్తం సరిగ్గా అందదు, తల్లి ఒంట్లో వాపు గుణం పెరుగుతుంది. పొగతో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌ను తోసేసి రక్తంలో కూర్చుంటుంది. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక్కడ చాలామంది గర్భిణులకు ముందే రక్తహీనత. ఉన్న కాస్త రక్తాన్నీ పొగ ఆక్రమిస్తే బిడ్డకు వెళ్ళేదేముంటుంది? అలాంటప్పుడు బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువగానో, 37 వారాలు నిండకుండానో పుట్టే అవకాశం పెరుగుతుంది. 2019లో మన దేశంలో గాలి కాలుష్యంతో ముడిపడి నెల లోపే చనిపోయిన పసిబిడ్డలు 1,16,000 మందికి పైగా అని ప్రపంచ లెక్కలు చెప్పాయి. ప్రపంచం మొత్తం మీద అలాంటి మరణాల్లో మూడింట రెండు వంతుల దాకా వంటింటి పొగ వల్లే.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. బిడ్డ తక్కువ బరువుతో పుడితే "నువ్వు పొగలో కూర్చున్నావు" అని ఆ తల్లిని ఎవరూ అనకూడదు. బరువు తగ్గడానికి తిండి, రక్తం, బీపీ, ఇన్ఫెక్షన్, కవలలు, ఇలా ఎన్నో కారణాలుంటాయి. పొగ వాటిలో ఒకటి. పైగా ఆ పొయ్యి ముందు ఆమెను కూర్చోబెట్టింది ఇల్లంతా కలిసి.

నీళ్ళపొయ్యి దగ్గర మొదలుపెట్టండి

"మాకు గేస్ ఉంది నర్సమ్మా, పొగెక్కడిది" అంటారు. ఉంటుంది. పెరట్లోకి వెళితే మూడు రాళ్ళ మీద పెద్ద డేగిసా కాగుతూ ఉంటుంది. వంట గ్యాస్ మీద, స్నానాల నీళ్ళు మాత్రం కర్రల మీద. కోడలే దాన్ని రాజేస్తుంది, ఊదుతుంది. కర్ర పచ్చిగా ఉంటే పాలిథీన్ కవరు ముట్టించి పెడుతుంది. ఆ కవరు పొగ అన్నిటికంటే చెడ్డది. మీ కాగితం మీద మొదట రాయాల్సింది ఈ నీళ్ళపొయ్యినే.

మానగలిగితే మానండి. హీటర్ కాయిల్ అయినా, గ్యాస్ మీద ఒక గిన్నెడైనా చాలు. హీటర్ కాయిల్ అయితే ప్లగ్గు తీశాకే నీళ్ళు ముట్టుకోవాలి. మానలేకపోతే ఆ పనిని ఇంట్లో మగవాళ్ళెవరైనా తీసుకోవాలి. ఎండిన కర్రలే వాడాలి. ప్లాస్టిక్ అసలు వద్దు. పొయ్యిని వంటింటి కిటికీకీ, పడకగది కిటికీకీ దూరంగా జరపాలి. గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో చూసి, పొగ ఇంట్లోకి తోలని వైపు పెట్టాలి. కాన్పు తర్వాత బాలింతకు బిందెలకొద్దీ వేడినీళ్ళు పెడతారు కాబట్టి ఈ ఏర్పాటు ఇప్పుడే చేసుకుంటే అప్పుడూ పనికొస్తుంది.

వంట కూడా కర్రల మీదే అయితే గ్యాస్‌కి మారడం ఎంత త్వరగా అయితే అంత మంచిది. పెళ్ళయిన కొత్తలోనే, నెల తప్పక ముందే మారితే ఇంకా మేలు. ఇలా అనడానికి కారణం ఉంది. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాల్లో మూడు వేల మందికి పైగా గర్భిణులను తీసుకుని, సగం మందికి ఉచితంగా గ్యాస్ పొయ్యీ సిలిండర్లూ ఇచ్చి చూశారు. 2022లో ఫలితం వచ్చింది. గ్యాస్ వాడినవాళ్ళు పీల్చిన సన్నటి నుసి మూడో వంతుకు పడిపోయింది. బిడ్డల బరువులో మాత్రం నిలకడగా చెప్పగలిగినంత తేడా కనిపించలేదు. వాళ్ళకు గ్యాస్ అందేసరికే మూడో నెలో, అయిదో నెలో. ఈ ఫలితం విని "గ్యాస్ వల్ల ఉపయోగం లేదట" అనేవాళ్ళున్నారు. నేను అలా చదవను. మాయ తయారయ్యే తొలి నెలలు అప్పటికే గడిచిపోయాయి. తల్లి ఊపిరితిత్తులకు, పుట్టాక ఆ వంటింట్లోనే పెరిగే బిడ్డకు పొగ తగ్గడం మంచిదే కదా. అందుకే ముందుగా మారమంటాను.

డబ్బు ఇబ్బందైతే అడగడానికి మొహమాటం వద్దు. ఉజ్వల కనెక్షన్ 2016 నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 దీపావళి నుంచి దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. తెలంగాణలో మహాలక్ష్మి కింద అర్హులకు 500 రూపాయలకే ఇస్తున్నారు. ఆ సిలిండర్లను పండగకని దాచి, మిగతా రోజులు కర్రలు పెట్టే ఇళ్ళు నేను చాలా చూశాను. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలు, బాలింత మూడు నెలలు వాటిని వాడేయండి.

గ్యాస్ ఉన్నా మిరపకాయల తాలింపు, అప్పాలు, గారెలు వేయించినప్పుడు వచ్చే నూనె పొగ తక్కువేమీ కాదు. ఎదురెదురు కిటికీ, తలుపు తెరిచి పెట్టండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే వంట మొదలు పెట్టేటప్పుడే వేయండి, దించాక కూడా కాసేపు ఉంచండి. మూకుడు నిండా వేపుడు పనులు ఆ కొన్నాళ్ళు ఇంకెవరైనా చేస్తారు.

బెల్లం గానుగ, ఇటుక బట్టీ

మా వైపు సంక్రాంతి ముందూ వెనకా పొలాల్లో బెల్లం వండుతారు. చెరుకు పిప్పి ఎండబెట్టి దాన్నే పొయ్యిలో ఎగదోస్తూ పెనం మీద రసం మరిగిస్తారు. తెల్లారుజామున చలిలో ఆ పొగ నేల మీదే పరుచుకుని ఉంటుంది. అక్కడికి కూలికి వెళ్ళే కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు నేను చెప్పేది ఇదే. పొయ్యి నోటి దగ్గర పని వద్దు. గాలి వచ్చే వైపున, పొయ్యికి దూరంగా ఉండే తేలిక పని అడగండి. మేస్త్రీతో మీరు అడగలేకపోతే మీ ఆయనతో చెప్పించండి, లేదా మీ ఆశా కార్యకర్తను తీసుకెళ్ళండి. నేను వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి అడిగినప్పుడు కాదన్న రైతులు చాలా తక్కువ. వాళ్ళకూ ఇంట్లో కూతుళ్ళుంటారు.

ఇటుక బట్టీ అయితే ఇంత సులువు కాదు. గుడిసె బట్టీ పక్కనే ఉంటుంది కాబట్టి రాత్రి కూడా పొగలోనే. నెలలు మీద పడ్డ పిల్లను సొంతూరికో, పుట్టింటికో పంపడమే మంచిది. పంపేటప్పుడు ఎంసీపీ కార్డు (పరీక్షలూ టీకాలూ రాసే తల్లీబిడ్డల కార్డు) చేతికివ్వండి, అక్కడి ఏఎన్‌ఎమ్ దగ్గర మళ్ళీ పేరు రాయించండి.

ఎవరూ లెక్కలోకి తీసుకోని పొగలు

రాత్రి తలుపులు బిగించి మంచం కింద దోమల కాయిల్ పెట్టుకోవడం. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే నుసి 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేదానితో సమానమని కొలిచి చెప్పినవాళ్ళున్నారు. అలాగని దోమలకు వదిలేయమని కాదు. కడుపుతో ఉన్నప్పుడు మలేరియా, డెంగీ రెండూ ప్రమాదమే. దోమతెర కట్టండి, అంచులు పరుపు కింద దోపండి, సాయంత్రం చీకటి పడకముందే కిటికీలకు మెష్ మూయండి, తొట్టెల్లో నీళ్ళు వారానికోసారి ఖాళీ చేయండి. తెర ఉంటే కాయిల్‌తో పనే లేదు.

అగరొత్తులు పూజ గదిలో ఒకటి వెలిగించి, గది తలుపు దగ్గరకు వేసి, కిటికీ తెరిచి పెట్టండి. కడుపుతో ఉన్న పిల్ల దండం పెట్టుకుని బయటకు వచ్చేస్తే చాలు, దేవుడేమీ అనుకోడు.

బీడీ, సిగరెట్, చుట్ట గడప బయటే. వాకిట్లో కాదు, వీధిలో. కాల్చి వచ్చాక చొక్కా మార్చుకుని చేతులు కడుక్కుని అప్పుడు దగ్గరికి రావాలి. మా ఉత్తరాంధ్రలో పెద్దవయసు ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటు ఉంటుంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ నాయనమ్మే మనవడిని ఒళ్ళో పెట్టుకుని జోకొడుతుంది. ఆమెను కసురుకుంటే ఇంట్లో గొడవ తప్ప ఫలితం ఉండదు. నేను ఆమె పక్కన కూర్చుని, "అమ్మా, నీకు మనవడు పుడతన్నాడు, ఆడి ఊపిరితిత్తులు గోరంత ఉంటాయి" అని మొదలుపెట్టేదాన్ని. కొందరు మానేశారు. మానలేనివాళ్ళు కూడా పెరటి చివరికి వెళ్ళడం నేర్చుకున్నారు. ఆడవాళ్ళను ఆడవాళ్ళు అడిగితే వింటారు.

చెత్త కూడా ఉంది. వీధి చివర ఆకులూ కవర్లూ కుప్పేసి అగ్గిపుల్ల గీయడం. పంచాయతీకో, మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరుకో చెప్పండి. చెప్పేటప్పుడు "మా ఇంట్లో గర్భిణి ఉంది" అని ఆ ముక్క కలపండి. కోత అయ్యాక గడ్డి కాల్చే రోజుల్లో ఊళ్ళో ఎవరు ఎప్పుడు కాలుస్తున్నారో కనుక్కుని, ఆ పూట తలుపులు మూసుకుని లోపల ఉండాలి.

బయటి గాలి సంగతి

గాజువాకలోనూ, వన్‌టౌన్‌లోనూ పిట్టగోడ మీద వేలు పెడితే నల్లగా అంటుతుంది. పోర్టులో దిగే బొగ్గు, ఇనుప ఖనిజం, ఫ్యాక్టరీలు, లారీలు అన్నీ కలిసిన దుమ్ము అది. కంటికి కనిపించే ఈ దుమ్ములో చాలా భాగం బరువుకు కింద పడిపోతుంది. దాన్ని పొడి చీపురుతో రేపకండి. నీళ్ళు చిలకరించి ఊడ్చండి, నేలా కిటికీ అంచులూ తడిగుడ్డతో తుడవండి. కనిపించని సన్నటిది గాలిలోనే ఉండిపోతుంది. దాని సంగతి తెలియాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'సమీర్' యాప్ ఉంది. హైదరాబాద్‌లో అయితే సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, పాశమైలారం వంటి చోట్ల కేంద్రాలున్నాయి. మీకు దగ్గర్లోది చూసుకోండి.

అందులో గాలి ఎంత చెడిందో చెప్పే అంకె, ఏక్యూఐ, ఉంటుంది. ఆ అంకె వంద లోపు ఉంటే నడకకు వెళ్ళవచ్చు. వంద దాటి రెండు వందల లోపు ఉంటే మెయిన్ రోడ్డు మీద కాకుండా లోపలి వీధుల్లో నడవండి. రెండు వందలు దాటిన రోజున ఇంట్లోనే అటూఇటూ తిరగండి, బయటి పనులు ఇంకొకరికి అప్పగించండి. ఇది నేను పెట్టుకున్న కొలత. మన దేశపు ప్రమాణం ప్రకారం ఘనపు మీటరు గాలిలో సన్నటి నుసి రోజు సగటున 60 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2021 నుంచి 15 దాటొద్దంటోంది. కాబట్టి 'పర్వాలేదు' అని రాసిన రోజు కూడా కాస్త జాగ్రత్తగా ఉండటమే మంచిది.

చలికాలంలో తెల్లవారుజాము నడక మానేయండి. నేల చల్లబడి పొగ పైకి లేవకుండా మంచుతో పాటే ఉండిపోతుంది. ఎండెక్కాక తేలిపోతుంది. డిసెంబరు, జనవరిలో తొమ్మిది దాటాకో, సాయంత్రం నాలుగుకో నడవండి. ఆటోలో వెళ్ళాల్సి వస్తే లారీల వెనక కాకుండా పక్క రోడ్డున పొమ్మనండి.

చీర చెంగు, చున్నీ, బట్ట మాస్కు ఈ సన్నటి నుసిని ఆపవు. ముఖానికి అతుక్కునేలా పెట్టుకుంటే ఎన్‌95 ఆపుతుంది. రద్దీ రోడ్డు మీద కాసేపటికి వాడండి, ఆయాసం అనిపిస్తే ఆగి, పక్కకు జరిగి తీసేయండి. ఎయిర్ ప్యూరిఫైయర్ కొనమంటారా అని అడుగుతుంటారు. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో చలికాలం బొగ్గు పొగ విపరీతం. అక్కడ గర్భిణుల ఇళ్ళలో హెపా ఫిల్టర్లున్న (సన్నటి నుసిని పట్టేవి) ప్యూరిఫైయర్లు పెడితే ఇంట్లో నుసి సుమారు 30 శాతం తగ్గింది. ఢిల్లీలో ఉన్న మన తెలుగు అమ్మాయిలకు పడకగదిలో ఒకటి ఉండటం మంచిదే. మా వైపు చాలా ఇళ్ళకు ఆ డబ్బుతో దోమతెర, ఎగ్జాస్ట్ ఫ్యాన్, రెండో సిలిండర్ కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

ఏడో నెల వచ్చేసింది, ఇప్పుడు మారితే ఏం లాభం అనుకోకండి. 2008 ఒలింపిక్స్ కోసం బీజింగ్‌లో ఫ్యాక్టరీలు, బండ్లు తగ్గించినప్పుడు ఎనిమిదో నెలలో ఉన్న తల్లులకు పుట్టిన బిడ్డలు, ముందటేడూ తర్వాతేడూ అదే రోజుల్లో పుట్టినవాళ్ళ కంటే సగటున 23 గ్రాములు ఎక్కువ తూగారు. ఒక్క బిడ్డకు అది చిన్నదే. కానీ గాలి బాగుపడితే కడుపులో బిడ్డకు చివరి నెలల్లోనూ అందుతుందని దాని అర్థం.

దీపావళికి ఆ పిల్ల కిటికీలు మూసిన గదిలో ఉండాలి. పిల్లలకు ముచ్చటైన పాము బిళ్ళల పొగ అన్నిటికంటే ఎక్కువ, వాటిని అసలు కొనకండి. భోగిమంటలో టైర్లు వేయనివ్వకండి.

పురిటి గది

అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే, ఎందుకంటే ఇక్కడ పొగను ప్రేమతోనే పెడతారు. గాలి తగిలితే బాలింతకు వాతం చేస్తుందని కిటికీలు బిగిస్తారు. మంచం కింద బొగ్గుల కుంపటి. బిడ్డకు నీళ్ళు పోశాక జుట్టు ఆరడానికి సాంబ్రాణి పొగ, జలుబు చేయకుండా వాము పొగ. చలి నుంచి, దోమల నుంచి బిడ్డను కాపాడుకోవడానికి వెనకటి పెద్దలకు తెలిసిన దారి ఇది. ఆ అవసరం నిజమే. దానికిప్పుడు పొగలేని దారులున్నాయి.

కుంపటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. "బొగ్గులు నిప్పులైపోయాయి, పొగ లేదు కదా" అంటారు. పొగ ఆగాకే అసలు ప్రమాదం. మూసిన గదిలో నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. వాసన ఉండదు, రంగుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తల్లికి తలనొప్పి, వికారం, మత్తుగా ఉందంటే వెంటనే తలుపులు తెరిచి ఇద్దరినీ బయటకు తీసుకురండి, 108కి ఫోన్ చేయండి.

బిడ్డకు వెచ్చదనం కావాలంటే తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా బోర్లా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పండి. ముక్కు బయటికి ఉండేలా చూడండి. తల్లి అలసిపోతే తండ్రి ఆ పని చేయొచ్చు, నాయనమ్మా చేయొచ్చు. తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు. తక్కువ బరువు బిడ్డకు ఇది ఏ కుంపటి కంటే గొప్పది. జుట్టును మెత్తటి నూలు బట్టతో అద్ది ఆరబెట్టండి. నూనె మర్దన చేసుకోండి, తప్పులేదు. పౌడరు ముఖం దగ్గర చల్లకండి, అదీ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే దుమ్మే. సాంబ్రాణి వేయనిదే అత్తగారి మనసు ఒప్పుకోకపోతే, బిడ్డ వేరే గదిలో ఉండగా ముందు వసారాలో దేవుడి దగ్గర వేయమనండి. చాలా ఇళ్ళలో నేను కుదిర్చిన రాజీ ఇదే. కిటికీ ఒకటి పగలంతా తెరిచి ఉండాలి. గాలి నేరుగా మంచం మీద పడకుండా పక్కకు జరిపితే సరిపోతుంది.

పుట్టిన గంటలోపు తల్లిపాలు, ఆరు నెలలు తల్లిపాలే. న్యుమోనియా టీకా ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలలో ఇస్తారు. తప్పించకండి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. వచ్చినప్పుడు బిడ్డ బరువుతో పాటు ఊపిరి కూడా లెక్కపెట్టమని అడగండి.

ఊపిరి మీరు కూడా లెక్కపెట్టవచ్చు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు బట్ట పైకి తీసి, గడియారం పెట్టుకుని, నిండా ఒక నిమిషం పొట్ట లేచిపడటం లెక్కపెట్టండి. పసిబిడ్డల ఊపిరి కాసేపు త్వరగా, కాసేపు ఆగి నడుస్తుంది కాబట్టి సగం నిమిషం చూసి రెట్టింపు చేయకండి. అరవై, ఆ పైన వస్తే మళ్ళీ ఒక్కసారి లెక్కపెట్టండి. రెండోసారీ అంతే వస్తే ఆలస్యం చేయకండి. డొక్కలు లోపలికి పీకడం, మూలుగు, పెదవులు నీలంగా మారడం, పాలు పట్టకపోవడం, ఒళ్ళు చల్లబడటం లేదా కాలిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా లెక్కపెట్టడం కూడా అక్కర్లేదు. నాటువైద్యం, చెవిలో నూనె, ముక్కులో పసరు వద్దు. 108కి చేసి బిడ్డ ఎన్ని రోజులది, ఎన్ని కిలోలతో పుట్టింది, నిమిషానికి ఊపిరి ఎంతుందో చెప్పండి. బండి వచ్చే దాకా బిడ్డను తల్లి గుండెకు ఆనించి వెచ్చగా ఉంచండి. ఆసుపత్రిలో డాక్టరు అడగకపోయినా, గదిలో కుంపటి పెట్టారా, కాయిల్ వెలిగించారా, సాంబ్రాణి వేశారా అన్నది దాచకుండా చెప్పండి. వైద్యం ఎటు నుంచి మొదలుపెట్టాలో దాన్నిబట్టి తెలుస్తుంది.